సిల్వరాడో ఎగ్జాస్ట్ మార్పు: కొలతలు, పొరపాట్లు, లెక్కలు

ఈ డైరీ 2006 నాటి షెవ్రొలే సిల్వరాడో 1500 పికప్ మీద 2025 సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు వారాంతాల్లో ఎగ్జాస్ట్ గొట్టాన్ని, శబ్దం తగ్గించే మఫ్లర్‌ను మార్చిన పని గురించి. బండి డాలస్ శివార్లలో ఉంటుంది, తిరిగిన దూరం 1,74,000 మైళ్లు. ఇంజను 5.3 లీటర్ల వీ8, గేర్లు నాలుగు, ఆటోమేటిక్. వెనక ఇరుసు నిష్పత్తి 3.42, టైర్లు 245/75ఆర్16. ఈ అంకెలను ముందే ఇస్తున్నాను, ఎందుకంటే మీ బండిలో ఇవి వేరైతే నేను కోసిన గొట్టం పొడవు మీకు పనికిరాదు. లెక్క కట్టిన పద్ధతి మాత్రం ఏ వీ8 ఇంజనుకైనా పనికివస్తుంది.

రెండు హద్దులు పెట్టుకున్నాను. పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్లను, వాటికి ముందున్న గొట్టాలను మార్చకూడదు. అమెరికాలో వాటిని తీసేయడం క్లీన్ ఎయిర్ చట్టం ప్రకారం చట్టవిరుద్ధం, పైగా మా కౌంటీలో ఉద్గారాల పరీక్ష ఇంకా ఉంది. రెండోది, మఫ్లర్ లేకుండా బండి ఒక్క గజం కూడా రోడ్డెక్కకూడదు. భారతదేశంలో ఉన్నవారికి ఇక్కడే ఒక మాట చెప్పాలి. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షన్ తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడాన్ని కట్టడి చేస్తుంది, 190(2) సెక్షన్ కింద శబ్దకాలుష్యానికి 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలల వరకు జైలు ఉన్నాయి. కాబట్టి ఈ డైరీలోని ఒకటో దశ, అంటే లీకు వెతకడం, బాగుచేయడం మాత్రమే మీరు నిశ్చింతగా అనుసరించగలిగినది.

దశ 0: కోయడానికి ముందు కొలవడం

మొదటి వారాంతమంతా కొలతలకే పోయింది. వాడిన పరికరాలు ఇవి: శబ్దం కొలిచే మీటరు, 15 పీఎస్ఐ వరకు చూపే ప్రెషర్ గేజి, కన్వర్టర్ తరవాత ఉండే ఆక్సిజన్ సెన్సార్ రంధ్రంలో బిగించే అడాప్టర్, బండి కంప్యూటర్‌లోని అంకెలు చదివే, ఇంట్లో ముందే ఉన్న ఓబీడీ స్కానరు. గేజిని నేరుగా బిగిస్తే వేడికి పాడవుతుంది కనుక అడాప్టర్‌కు రెండడుగుల రాగి గొట్టం, దాని చివర రబ్బరు గొట్టం తగిలించి కిటికీలోంచి క్యాబిన్‌లోకి తెచ్చుకోవాలి.

1. బయటి శబ్దానికి మీటరును గొట్టం మూతి నుంచి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో, మూతి ఎత్తులోనే పెట్టాలి.
2. ఐడిల్‌లో ఒకసారి, 3,000 ఆర్‌పీఎం దగ్గర ఒకసారి చదవాలి.
3. వెనకొత్తిడిని, అంటే పొగ బయటికి పోకుండా గొట్టాల్లో పుట్టే ఒత్తిడిని, మొదటి గేరులో, పూర్తి యాక్సిలరేటర్ మీద, 5,000 ఆర్‌పీఎం దగ్గర చదవాలి. ఈ బండిలో అప్పుడు వేగం గంటకు 42 మైళ్లే కనుక హైవే ఎక్కే ర్యాంపు సరిపోతుంది.
4. గేజిని నడిపేవారు చూడకూడదు. పక్కన కూర్చున్నవారు ఫోనుతో వీడియో తీయాలి.

వచ్చిన అంకెలు: ఐడిల్‌లో 66 డెసిబెల్స్, 3,000 దగ్గర 82, గంటకు 66 మైళ్ల వేగంలో క్యాబిన్ లోపల 67. వెనకొత్తిడి 4.1 పీఎస్ఐ. క్యాబిన్ కొలతలో నేను చేసిన తప్పు రెండో దశలో బయటపడింది, అక్కడ చెబుతాను.

స్కానరులో మరొక విషయం కనిపించింది. డ్రైవరు వైపు సిలిండర్ల వరసకు దీర్ఘకాలిక ఫ్యూయల్ ట్రిమ్, అంటే కంప్యూటర్ ఇంధనంలో చేసే సర్దుబాటు, +9 శాతం ఉంది, రెండో వైపు +2 మాత్రమే. ఉదయం చల్లని ఇంజను స్టార్టు చేసినప్పుడు వినిపించి, రెండు నిమిషాల్లో మాయమయ్యే టిక్‌టిక్ చప్పుడుకూ ఈ తేడాకూ సంబంధం ఉంటుందని అనుమానించి, మఫ్లర్ ఆలోచనను పక్కన పెట్టాను.

ఇప్పటివరకు: 74 డాలర్లు, 4 గంటలు.

దశ 1: విరిగిన బోల్టు

డ్రైవరు వైపు మ్యానిఫోల్డ్ (సిలిండర్ల పొగను ఒక గొట్టంలోకి చేర్చే భాగం) వెనక చివర, ఏడో సిలిండర్ దగ్గర, ప్రమిద పైన గోడకు పట్టినట్టుగా విసనకర్ర ఆకారంలో నల్లటి మసి పట్టి ఉంది. అద్దం పెట్టి చూస్తే ఆ మసి మొదలైన చోట బోల్టు తల లేదు. సిలిండర్ హెడ్ అల్యూమినియం, మ్యానిఫోల్డ్ పోత ఇనుము. రెండూ వేడికి ఒకే కొలతలో సాగవు. పంతొమ్మిదేళ్లు రోజూ వేడెక్కి చల్లారుతూ ఉంటే ఆ లాగుడంతా చివరి బోల్టు మీద పడి అది తెగిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ తప్పించుకుంటుంది, పల్సుకూ పల్సుకూ మధ్య బయటి గాలి లోపలికి వస్తుంది. ఆ గాలిలోని ఆక్సిజన్‌ను చూసిన సెన్సార్ ఇంధనం తక్కువైందని పొరపడుతుంది, కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తుంది.

విరిగిన ముక్కను తీయడానికి మొదట ఎడమ మర ఎక్స్‌ట్రాక్టర్ వాడాను. అది లోపలే విరిగింది. ఎక్స్‌ట్రాక్టర్ ఉక్కు డ్రిల్లుకు లొంగదు కనుక ఆ ఒక్క తప్పుకు ఆరు గంటలు పోయాయి. చివరకు వెల్డింగు యంత్రం ఉన్న మా బావమరిది వచ్చి, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి లోపలి నుంచి వెల్డు చేశాడు. మొదటి రెండు నట్లు ఊడిపోయాయి. మూడోదాన్ని చేత్తో పట్టుకోగలిగినంత చల్లారనిచ్చి పానా వేస్తే, ముక్క కీచుమంటూ కదిలింది. మీరు మొదటి ప్రయత్నంలోనే నట్టు వెల్డు చేయండి. ఎక్స్‌ట్రాక్టర్ జోలికి వెళ్లవద్దు.

1. వెల్డింగుకు ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయాలి. ఎర్త్ క్లాంపును వెల్డు చేసే చోటికి అతి దగ్గరగా పెట్టాలి.
2. రెండు వైపులా గ్యాస్కెట్లు, బోల్టులు అన్నీ కొత్తవి వేయాలి. ఇవి ఎమ్8×1.25 మర.
3. నడిమి బోల్టుల నుంచి చివరలకు వెళ్తూ మొదటి విడత 15 న్యూటన్ మీటర్లు, రెండో విడత 25 న్యూటన్ మీటర్లు బిగించాలి.

రెండు వందల మైళ్ల తరవాత డ్రైవరు వైపు ట్రిమ్ +2కు దిగింది, టిక్‌టిక్ పోయింది. మూడు ట్యాంకుల సగటు మైలేజి గ్యాలనుకు 14.6 నుంచి 15.2 మైళ్లకు పెరిగింది. చక్రాల దగ్గర శక్తిని కొలిచే డైనో పరీక్షను కావాలనే ఈ మరమ్మతు తరవాత చేయించాను, ముందే చేయిస్తే లీకు మూసినందుకు వచ్చిన ఫలితం కూడా కొత్త గొట్టాల ఖాతాలో పడి నన్ను నేనే మోసం చేసుకునేవాణ్ణి. మూడు పరుగుల సగటు చక్రాల దగ్గర 229 హార్స్‌పవర్. పరుగుకూ పరుగుకూ మధ్య రెండు వరకు తేడా వచ్చింది కనుక, దానికన్నా చిన్న లాభాన్ని లాభంగా లెక్కించకూడదని అప్పుడే రాసి పెట్టుకున్నాను.

ఇప్పటివరకు: 287 డాలర్లు, 17 గంటలు.

దశ 2: గదుల మఫ్లర్, తిరగలి మోత

ఎగ్జాస్ట్ శబ్దం గురించి నిర్ణయం తీసుకోవడానికి ముందు ఇంజను పేలే వరస తెలియాలి. ఈ ఇంజనులో అది 1-8-7-2-6-5-4-3. బేసి సిలిండర్లు డ్రైవరు వైపు, సరి సిలిండర్లు రెండో వైపు ఉంటాయి. మొత్తంగా చూస్తే ప్రతి 90 డిగ్రీలకు ఒకటి సమానంగా పేలుతుంది. ఒక్క వరసనే చూస్తే మాత్రం విరామాలు 180, 270, 180, 90 డిగ్రీలుగా వంకరగా ఉంటాయి. అమెరికన్ వీ8 గుడగుడ అంతా ఈ వంకరలోనే ఉంది. రెండు వరసలకూ రెండు విడి గొట్టాలు వేస్తే ఆ గుడగుడ బయటికి బాగా వినిపిస్తుంది, అయితే ఇంకా తక్కువ పౌనఃపున్యాల మోత క్యాబిన్‌లోకి వస్తుంది. మేము ఈ బండిలో పిల్లలతో ఐదారు గంటలు ప్రయాణిస్తాం కనుక రెండు వరసలనూ కలిపే, కంపెనీ ఇచ్చిన వై గొట్టాన్ని అలాగే ఉంచి, దాని తరవాతి భాగాన్నే మార్చాను.

పాత మఫ్లర్‌లోకి వెళ్లే గొట్టం మూడంగుళాలు, బయటికి వచ్చేది రెండుముప్పావు. 409 స్టెయిన్‌లెస్‌లో, మొత్తం మూడంగుళాల గొట్టంతో, లోపల అడ్డుగోడలున్న గదుల మఫ్లర్ పెట్టి కట్టాను. వంపులు మాండ్రెల్ మీద వంచినవే కొనాలి, మామూలు వంపు యంత్రంలో వంచిన గొట్టం మూల దగ్గర నొక్కుకుపోయి వ్యాసం తగ్గుతుంది.

బయట శబ్దం నిజంగా బాగుంది. ఐడిల్‌లో 74, 3,000 దగ్గర 93 డెసిబెల్స్. వెనకొత్తిడి 2.9కు తగ్గింది. హైవే మీదికి వెళ్లేసరికి, 1,750కీ 1,900 ఆర్‌పీఎంకీ మధ్య, చెవుల్లో బరువు మొదలైంది. వెనక సీట్లో ఉన్న మా అత్తగారు ఇరవై నిమిషాలు ఓర్చుకుని, "బాబూ, తలలో ఎవరో తిరగలి తిప్పుతున్నట్టుంది, కాస్త కిటికీ దించండి" అన్నారు. కిటికీ రెండంగుళాలు దించితే మోత సగమైంది.

మీటరు మాత్రం 70 చూపించింది. పాతదానికన్నా మూడే ఎక్కువ. అత్తగారి మాటను నమ్మాలా, మీటరును నమ్మాలా అని రెండు రోజులు ఆలోచించాక తప్పు దొరికింది. నా మీటరు ‘ఏ’ (A) వెయిటింగ్‌లో ఉంది, అంటే చెవికి తగ్గట్టు తక్కువ పౌనఃపున్యాలను తగ్గించి చూపే అమరికలో. అది 125 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని 16 డెసిబెల్స్ తగ్గించి చూపిస్తుంది. ‘సీ’ (C) వెయిటింగ్‌లో ఆ దగ్గర తగ్గింపు దాదాపు సున్నా. మీటను సీ వైపు మార్చి కొలిస్తే మోత అంకెలో స్పష్టంగా కనిపించింది. పాత మఫ్లర్‌తో సీ కొలత నా దగ్గర లేదు, కాబట్టి ఒక శనివారం పాత భాగాలను క్లాంపులతో మళ్లీ బిగించి కొలిచాను. పెరిగింది మూడు కాదు, అంతకన్నా చాలా ఎక్కువ. పాత మఫ్లర్‌ను పని మొత్తం పూర్తయ్యేదాకా పారేయకండి. క్యాబిన్ శబ్దాన్ని మొదటి రోజు నుంచే రెండు వెయిటింగులలోనూ రాసుకోండి.

మరొక పొరపాటు ఇరుసు దగ్గర జరిగింది. ఖాళీ బండిలో తోక గొట్టానికీ ఇరుసుకూ మధ్య ఖాళీ సరిపోతుందని కంటితో చూసి బిగించాను. 80 పౌన్ల సిమెంటు బస్తాలు పన్నెండు వేసుకుని వస్తుంటే, ప్రతి గతుకు దగ్గరా టక్కుమని కొట్టింది. ఇంటికొచ్చి కిందికి దూరి చూస్తే, గొట్టం అడుగున పావు డాలరు నాణెమంత చోట రంగు పోయి మెరుస్తోంది. సరైన పద్ధతి ఇది:

1. బండిని ఛాసిస్ దగ్గర స్టాండ్ల మీద నిలిపి, జాకీని ఇరుసు కింద పెట్టి, రబ్బరు ఆపు తగిలేదాకా ఎత్తాలి.
2. ఆ స్థితిలో గొట్టం చుట్టూ కనీసం 25 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి.
3. అప్పుడే టాకాలు (చిన్న వెల్డు చుక్కలు) వేయాలి, జాకీ దించాక మళ్లీ చూసి పూర్తి వెల్డు వేయాలి.

ఇప్పటివరకు: 601 డాలర్లు, 32 గంటలు.

దశ 3: తిన్నని మఫ్లర్

గదుల మఫ్లర్‌ను 45 డాలర్లకు అమ్మేసి, 24 అంగుళాల పొడవు ఉన్న, లోపల చిల్లుల గొట్టం చుట్టూ పీచు నింపిన తిన్నని మఫ్లర్ వేశాను. పీచు ఎక్కువ పౌనఃపున్యాలను బాగా పీల్చుకుంటుంది, అందుకే గరగర పోయి శబ్దం గుండ్రంగా వచ్చింది. 3,000 దగ్గర 88, ఐడిల్‌లో 71. వెనకొత్తిడి 1.4 పీఎస్ఐ. అడ్డుగోడలు లేవు కనుక ఈ తగ్గుదల ఊహించినదే. క్యాబిన్ మోత మాత్రం కొద్దిగానే దిగింది. 120 హెర్ట్జ్ తరంగానికి నాలుగంగుళాల పీచు లెక్కలోకి రాదు.

ఇప్పటివరకు: 704 డాలర్లు, 37 గంటలు.

దశ 4: మూసిన గొట్టం

ఈ పనిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం ఇదే, అందుకే వివరంగా రాస్తున్నాను. ఫోనులో శబ్ద వర్ణపటం చూపే యాప్‌తో 66 మైళ్ల వేగంలో చూస్తే, మోత అంతా 120 హెర్ట్జ్ దగ్గర ఒకే శిఖరంగా నిలబడి ఉంది. లెక్క కూడా అదే చెబుతుంది. నాలుగు స్ట్రోకుల వీ8లో క్రాంకు ఒక చుట్టుకు నాలుగు సిలిండర్లు పేలుతాయి. 1,800 ఆర్‌పీఎం అంటే సెకనుకు 30 చుట్లు, నాలుగుతో గుణిస్తే 120.

ఒకే పౌనఃపున్యం ఉన్నప్పుడు దాన్ని ఆపడానికి మఫ్లర్ అక్కరలేదు. ప్రధాన గొట్టం పక్కన, అంతే వ్యాసంతో, చివర మూసిన కొమ్మ ఒకటి పెడితే చాలు. దాని పొడవు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఉంటే, లోపలికి వెళ్లి మూత తగిలి తిరిగొచ్చిన తరంగం సగం తరంగం ఆలస్యంగా వచ్చి, అక్కడున్న తరంగాన్ని రద్దు చేస్తుంది. పొడవు సూత్రం: ధ్వని వేగాన్ని, నాలుగు రెట్ల పౌనఃపున్యంతో భాగించాలి. కొమ్మను తోక గొట్టం మూతి దగ్గర పెట్టవద్దు. తెరిచిన మూతి దగ్గర పీడనపు ఊపు దాదాపు ఉండదు కనుక కొమ్మ పని చేయదు. నేను మఫ్లర్‌కు ముందు, ఛాసిస్ పట్టీ పక్కన ఉన్న ఖాళీలో, మూత వైపు నాలుగు సెంటీమీటర్లు ఎత్తుగా ఉండేలా పెట్టాను. ఆ వాలు లేకపోతే ఆవిరి నీరు చివర నిలిచి తుప్పు పడుతుంది.

మొదటి కొమ్మను 71 సెంటీమీటర్లకు కోశాను. ధ్వని వేగం 343 మీటర్లు, భాగించు 480. మోత ఒక్క డెసిబెల్ దిగింది. అంతే.

బావమరిది కొమ్మను కోసేద్దామన్నాడు. నేను ఆపి, బండిని మూడో గేరులో ఉంచి 1,500 నుంచి 2,500 వరకు మెల్లగా ఎక్కించాను. 56 మైళ్ల వేగంలో, 2,170 దగ్గర, ఎవరో తలుపు మూసినట్టు క్యాబిన్ ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. దాటగానే మళ్లీ మొదలైంది. "బావా, పని చేస్తోంది కానీ వేరే చోట చేస్తోంది" అన్నాడు. అతను చెప్పినదే నిజం. 343 అనేది 20 డిగ్రీల గాలిలో ధ్వని వేగం. కొమ్మలో ఉన్నది వేడి వాయువు, అందులో ధ్వని వేగంగా పోతుంది కాబట్టి అదే పౌనఃపున్యానికి ఇంకా పొడవైన గొట్టం కావాలి.

ఉష్ణోగ్రత తుపాకీతో కొలిస్తే మొదట 60, 80 అని అర్థం లేని అంకెలు వచ్చాయి. మెరిసే ఉక్కు మీద ఆ పరికరం నిజం చెప్పదు. వేడికి తట్టుకునే నల్ల రంగును రెండు చోట్ల నాణెమంత పూసి మళ్లీ కొలిస్తే, మొదలు దగ్గర 210 డిగ్రీలు, మూత దగ్గర 95. సగటు సుమారు 150 డిగ్రీలు. ఆ వేడిలో ధ్వని వేగం 412 మీటర్లు. 71 సెంటీమీటర్ల కొమ్మ 2,170 దగ్గర పని చేసిందంటే వెనక్కి లెక్క కట్టినా 411 వస్తుంది. రెండు దారుల్లో ఒకే అంకె రావడం చూసి ఆ రాత్రి చాలాసేపు గ్యారేజీలోనే కూర్చున్నాను.

ఉష్ణోగ్రత కొలవకుండానే ఈ పని చేయవచ్చు. పద్ధతి ఇది:

1. కావాలని పొట్టిగా ఒక కొమ్మ కోసి, మూతను టాకాలతో మాత్రం పెట్టి, సందులను వేడికి ఆగే పేస్టుతో మూయాలి.
2. నడిపి, ఏ ఆర్‌పీఎం దగ్గర నిశ్శబ్దం వస్తుందో రాసుకోవాలి.
3. కొమ్మ పొడవును ఆ ఆర్‌పీఎంతో గుణించి, మోత ఉన్న ఆర్‌పీఎంతో భాగించాలి.

నా లెక్క: 71 ఇంటూ 2,170, భాగించు 1,800. జవాబు 85.6. మిగిలిన ముక్కల్లోంచి 14.5 సెంటీమీటర్లు అతికి 85.5 చేశాం. అదే రోడ్డు, అదే వేగం, కిటికీలు మూసి కొలిస్తే ‘ఏ’లో 68 డెసిబెల్స్. పాత బండికన్నా సీలో రెండు, ఏలో ఒకటి మాత్రమే ఎక్కువ. బయట 3,000 దగ్గర 88 అలాగే ఉంది.

వెల్డింగు గురించి ఒక్క మాట. కంపెనీ గొట్టం అల్యూమినియం పూత ఉన్న ఉక్కు, కొత్తది స్టెయిన్‌లెస్. ఈ రెంటినీ కలపడానికి 309ఎల్ తీగ వాడాం. పూతను అతుకుకు రెండు వైపులా అంగుళం మేర గ్రైండరుతో తీయకపోతే వెల్డులో బుడగలు వస్తాయి.

ఇప్పటివరకు: 825 డాలర్లు, 46 గంటలు.

దశ 5: పరీక్ష, చివరి కొలతలు

వెల్డింగుకు బ్యాటరీ తీసిన రెండు రోజులకే ఉద్గారాల పరీక్షకు వెళ్లి తిరిగి రావలసి వచ్చింది. బ్యాటరీ తీస్తే కంప్యూటర్‌లో ఉద్గార భాగాలను పరీక్షించే మానిటర్లు అన్నీ మొదటికి వస్తాయి. 2001 నుంచి వచ్చిన బండ్లలో ఒక్క మానిటర్ మాత్రమే అసంపూర్తిగా ఉండవచ్చు, నాకు మూడు ఉన్నాయి. రాత్రంతా చల్లారనిచ్చి ఉదయం స్టార్టు చేయడం, కొంత ఊళ్లో, కొంత హైవే మీద స్థిరవేగంతో నడపడం వారం పాటు చేశాక అన్నీ పూర్తయ్యాయి, పరీక్షలో నెగ్గింది. వెళ్లే ముందు స్కానరులో మానిటర్లు చూసుకుంటే ఆ తిరుగుడు తప్పేది.

అదే డైనో మీద మూడు పరుగుల సగటు 235 హార్స్‌పవర్. ఆరు పెరిగింది, పరుగుల మధ్య తేడా రెండు కనుక ఈ లాభం నిజమే. పెరుగుదల దాదాపు మొత్తం 4,000 ఆర్‌పీఎం పైనే ఉంది, దాని కింద రెండు గీతలూ ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. బరువు లాగడానికి ఈ పని చేయాలనుకునేవారు ఆ గీతను గుర్తుంచుకోవాలి: ట్రెయిలరుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజను ఎక్కువసేపు ఉండేది ఆ అంకె కిందనే.

మొత్తం: 935 డాలర్లు, 49 గంటలు.

600 మైళ్ల తరవాత, డిసెంబరు చివర్లో, కిందికి దూరి అన్నీ మళ్లీ చూశాను. నాలుగు బ్యాండు క్లాంపుల్లో మఫ్లర్ వెనకది పావు చుట్టు బిగుసుకుంది, మిగిలినవి కదలలేదు. ఏడో సిలిండర్ దగ్గర గుడ్డ పెట్టి తుడిస్తే మసి అంటలేదు. ఇరుసు పైన గొట్టం అడుగున పాత నాణెపు మచ్చ పక్కన కొత్త మచ్చ ఏదీ లేదు.